ఒకే సూక్ష్మజీవి, రెండు తీర్పులు

మెదడును, వెన్నుపామును కప్పి ఉంచే పొరలకు బ్యాక్టీరియా సోకి వచ్చే వాపును వైద్యులు మెనింజైటిస్ అంటారు. ఈ వ్యాధిని కలిగించే బ్యాక్టీరియా యాంటీబయాటిక్ మందులకు లొంగకపోవడం గురించి కొంతకాలంగా పాఠకులు ఉత్తరాలు రాస్తున్నారు. అందుకే ఈసారి శీర్షిక మొత్తాన్ని వాటికే కేటాయిస్తున్నాం. ముందుగా ఒక్క మాట. పత్రికల్లోనూ మాటల్లోనూ మెనింజైటిస్‌ను కూడా మెదడువాపు అనేస్తుంటారు కానీ, మెదడువాపు అన్నది మెదడు కణజాలానికే వచ్చే వేరొక జబ్బు, అది ఎక్కువగా వైరస్‌ల వల్ల వస్తుంది, వైరస్‌ల మీద యాంటీబయాటిక్‌లకు ప్రభావం ఉండదు. ఇక్కడి చర్చ అంతా పొరల వాపు గురించే.

ప్రశ్న: డాక్టరు గారూ, మా మేనల్లుడికి నాలుగేళ్లు. మెనింజైటిస్‌తో ఆసుపత్రిలో చేరాడు, ఇప్పుడు కోలుకుంటున్నాడు. వెన్నులోంచి తీసిన నీటిలో న్యుమోకాకస్ అనే బ్యాక్టీరియా పెరిగిందని కల్చర్ రిపోర్టు వచ్చింది. అందులో పెనిసిలిన్ ఎదురుగా 1 అన్న అంకె వేసి, పక్కనే మెనింజైటిస్ అయితే లొంగదనీ, ఇతర వ్యాధులైతే లొంగుతుందనీ రెండు ఫలితాలు ఇచ్చారు. సెఫ్ట్రియాక్సోన్ ఎదురుగా కూడా 1 అనే ఉంది, అక్కడా రెండు మాటలే. ఒకే సూక్ష్మజీవి ఒకే మందుకు లొంగడం, లొంగకపోవడం రెండూ ఎలా సాధ్యం? ల్యాబ్‌లో పొరపాటు జరిగిందంటారా?
– ఒక పాఠకురాలు

జవాబు: పొరపాటేమీ లేదమ్మా. ల్యాబ్ వాళ్లు జాగ్రత్తగా పనిచేశారనడానికి ఆ రెండు ఫలితాలే రుజువు.

రిపోర్టులోని 1 అన్న అంకెకు అర్థం ఇది: ఒక మిల్లీలీటరు ద్రవంలో కనీసం 1 మైక్రోగ్రాము మందు ఉంటే తప్ప ఆ సూక్ష్మజీవి పెరుగుదల ఆగదు. ఇది సూక్ష్మజీవికి సంబంధించిన గుణం. అది ఊపిరితిత్తుల్లో ఉన్నా, రక్తంలో ఉన్నా, మెదడు పొరల మధ్య ఉన్నా ఈ అంకె మారదు. మారేదల్లా ఆ చోటికి మందు ఎంత చేరుతుందన్నదే. న్యుమోనియా రోగికి సూది ద్వారా పెనిసిలిన్ ఇస్తే అది రక్తంతో పాటు ఊపిరితిత్తుల్లోకి ధారాళంగా చేరుతుంది కాబట్టి, 1 మైక్రోగ్రాము అవసరమైన చోట అంతకు ఎన్నో రెట్లు మందు ఉంటుంది. మెదడు సంగతి వేరు. మెదడు రక్తనాళాల లోపలి గోడల్లో కణాలు సందు లేకుండా ఒకదానికొకటి అతుక్కుని ఉండి, రక్తంలో తిరిగే పదార్థాలను వెన్నునీటిలోకి సులువుగా వదలవు. వాపు వచ్చినప్పుడు ఈ కట్టుదిట్టం కొంత సడలుతుంది. అలా సడలిన దశలో కూడా ఈ తరగతి మందులు రక్తంలో ఉన్నదానిలో పదో వంతు, ఆ చుట్టుపక్కల మాత్రమే వెన్నునీటికి చేరుతాయి. చికిత్స పనిచేసి వాపు తగ్గే కొద్దీ ఆ ద్వారం మళ్లీ మూసుకుపోతుంది కాబట్టి, రోగి కోలుకుంటున్నాడు కదా అని మధ్యలో మోతాదు తగ్గించడానికి వీలుండదు.

దీనికి తోడు మరో ఇబ్బంది ఉంది. శరీరంలో ఇతర చోట్ల మందు సూక్ష్మజీవిని సగం దెబ్బతీస్తే చాలు, మిగతా పని రక్తంలోని యాంటీబాడీలు, తెల్లకణాలు చూసుకుంటాయి. వెన్నునీటిలో ఆ రక్షక బలగం చాలా పలచన. అక్కడ మందు ఒంటరిగా పోరాడాలి, పెరుగుదలను ఆపడంతో సరిపెట్టుకోకుండా సూక్ష్మజీవిని చంపాలి. జంతువులపై చేసిన ప్రయోగాల్లో, చంపడానికి కావలసిన కనీస మోతాదుకు పది రెట్లు, అంతకు మించి మందు వెన్నునీటిలో ఉన్నప్పుడే అది వేగంగా శుభ్రపడుతుందని తేలింది.

ఇప్పుడు మీ రిపోర్టు దగ్గరికి వద్దాం. ల్యాబ్‌లు అనుసరించే అమెరికా ప్రమాణాల ప్రకారం మెనింజైటిస్‌లో పెనిసిలిన్ అంకె 0.06 లేదా అంతకంటే తక్కువ ఉంటేనే సూక్ష్మజీవి లొంగుతుందంటారు. 0.12 దగ్గరి నుంచే లొంగనిదిగా లెక్క. ఇతర వ్యాధుల్లో సూది మందు వాడుతున్నప్పుడు 2 వరకూ లొంగేదే. సెఫ్ట్రియాక్సోన్‌కు మెనింజైటిస్‌లో 0.5 వరకు లొంగేది, 1 అయితే మధ్యరకం, 2 అయితే లొంగనిది. అదే ఇతర వ్యాధుల్లో 1 కూడా లొంగేదే. మీ మేనల్లుడి వెన్నునీటిలో పెరిగిన ఆ న్యుమోకాకస్ ఊపిరితిత్తికి పట్టి ఉంటే పెనిసిలిన్‌తోనే తగ్గేది. పట్టిన చోటు మెదడు పొరలు కావడం వల్ల అది మొండి సూక్ష్మజీవి అయింది.

పెనిసిలిన్ విషయంలో 2008కి ముందు ఈ విభజన లేదు. అన్ని వ్యాధులకూ మెనింజైటిస్‌కు తగిన ఆ కఠినమైన కొలతనే వాడేవారు. ఫలితంగా న్యుమోనియా రోగుల రిపోర్టుల్లో కూడా లొంగదు అన్న మాట కనిపించి, పెనిసిలిన్‌తో పోయే జబ్బుకు వైద్యులు మరింత పెద్ద మందులు రాసేవారు. కొలతను రెండుగా విడదీయడం కాగితం మీది మార్పుగా కనిపించవచ్చు కానీ, నా దృష్టిలో కొత్త మందు ఒకటి కనిపెట్టినంత మేలు అది చేసింది.

మీ పిల్లవాడికి మొదటి రోజు నుంచే సెఫ్ట్రియాక్సోన్‌తో పాటు వాంకోమైసిన్ కూడా ఇచ్చి ఉంటారు. మొండి న్యుమోకాకస్‌లు తిరిగే ప్రాంతాల్లో రిపోర్టు వచ్చేదాకా ఈ జంట మందులనే వాడతారు, లొంగేదని తేలితే వాంకోమైసిన్ ఆపేస్తారు. సెఫ్ట్రియాక్సోన్ అంకె 1 వచ్చింది కాబట్టి మీ డాక్టర్లు రెండూ కొనసాగించి ఉంటే అది సరైనదే. వాంకోమైసిన్ కూడా వెన్నునీటిలోకి అంత బాగా చేరే మందు కాదు గనుక దాన్ని ఒంటరిగా నమ్ముకోరు. ఇక్కడే ఇంకో చిక్కు ఉంది. వాపు తగ్గించే డెక్సామెథసోన్ ఇవ్వడం వల్ల న్యుమోకాకస్ మెనింజైటిస్‌లో ప్రాణాలు నిలుస్తాయి. 2002లో వెలువడిన ఒక యూరప్ అధ్యయనంలో 301 మంది పెద్దవారిని పరిశీలించగా, ఈ మందు ఇచ్చినవారిలో మరణాలు 15 శాతం నుంచి 7 శాతానికి తగ్గాయి. కానీ వాపు తగ్గితే ద్వారం మూసుకుంటుందని పైన చెప్పుకున్నాం కదా, అప్పుడు వాంకోమైసిన్ మరింత తక్కువగా లోపలికి వెళుతుంది. అందుకే మొండి సూక్ష్మజీవి అని తేలినా, రోగి అనుకున్నట్టు తేరుకోకపోయినా, సుమారు 48 గంటల తర్వాత మళ్లీ వెన్నునీరు తీసి శుభ్రపడిందో లేదో చూస్తారు. రెండోసారి సూది ఎందుకు గుచ్చుతున్నారని ఇంట్లోవాళ్లు బాధపడటం సహజమే, కానీ అనవసరంగా చేసే పని కాదది.

ప్రశ్న: మా అబ్బాయి పుట్టినప్పటి నుంచి ఆరోగ్యంగానే ఉన్నాడు, యాంటీబయాటిక్‌లు దాదాపు వాడలేదు. అయినా మెనింజైటిస్ వచ్చినప్పుడు అతనికి సోకిన సూక్ష్మజీవి మందులకు లొంగనిదని చెప్పారు. వాడని మందుకు ఒళ్లు ఎలా అలవాటు పడింది?
– ఒక తండ్రి

జవాబు: అలవాటు పడింది మీ అబ్బాయి ఒళ్లు కాదండీ. మందు ఒంటికి పట్టేసింది, ఇక పనిచేయదు అని మనం వాడుకగా అనే మాట ఇక్కడ తప్పుదారి పట్టిస్తుంది. పుస్తకాల్లో రాసే నిరోధకత అన్న మాట కూడా రోగనిరోధక శక్తిని గుర్తుకు తెచ్చి గందరగోళం చేస్తుంది. మారింది సూక్ష్మజీవి. అది మారిన చోటు కూడా బహుశా మీ అబ్బాయి శరీరం కాకపోవచ్చు.

న్యుమోకాకస్, మెనింగోకాకస్, హీమోఫిలస్ ఇన్‌ఫ్లుయెంజా అనే ముఖ్యమైన మూడు బ్యాక్టీరియాలకూ మెదడు పొరలు అసలు నివాసం కావు. అవి మనుషుల ముక్కు వెనుక, గొంతులో ఉంటాయి. చాలామంది చిన్నపిల్లల ముక్కు వెనుక భాగంలో న్యుమోకాకస్ ఏ జబ్బూ చేయకుండా వారాల తరబడి కాపురం ఉంటుంది. మెనింగోకాకస్ సుమారు పది మందిలో ఒకరి గొంతులో ఉంటుంది. అరుదుగా ఎప్పుడో ఒకసారి రక్తంలోకి దిగి, అక్కడి నుంచి మెదడు పొరలకు చేరినప్పుడే ఈ వ్యాధి. ఆ దారి పట్టిన సూక్ష్మజీవికి ముందుకు దారి లేదు. రోగి బతికినా, పోయినా అక్కడితో దాని వంశం ఆగిపోతుంది. అంటే మొండితనం తయారయ్యేది వెన్నునీటిలో కాదు, ఆరోగ్యంగా ఆడుకుంటున్న పిల్లల గొంతుల్లో. జలుబుకో, చెవిపోటుకో, వైరస్ జ్వరానికో యాంటీబయాటిక్ వేసిన ప్రతిసారీ ఆ మందు గొంతును కూడా తడుముతుంది. లొంగే సూక్ష్మజీవులు చచ్చి ఖాళీ అయిన చోటును లొంగనివి ఆక్రమిస్తాయి. తుమ్ము తుంపరలతో అవి పక్క పిల్లవాడి గొంతుకు చేరడానికి ఎంతో సేపు పట్టదు. మందు మింగింది ఒకరు, దాని ఫలితం ముట్టేది మరొకరికి.

పెనిసిలిన్‌ను కనుగొన్న అలెగ్జాండర్ ఫ్లెమింగ్ 1945లో నోబెల్ ప్రసంగంలోనే ఈ సంగతి చెప్పాడు. గొంతునొప్పికి ఒకాయన పెనిసిలిన్ కొని, సూక్ష్మజీవులు చావడానికి చాలనంత వాడి, వాటికి ఎదురుతిరగడం మాత్రం నేర్పి, చివరికి వాటిని భార్యకు అంటిస్తాడు. ఆమెకు వచ్చిన న్యుమోనియాకు పెనిసిలిన్ పనిచేయదు. అది ఆయన ఊహించి చెప్పిన కథ. న్యుమోకాకస్ విషయంలో నిజం కావడానికి ఎంతోకాలం పట్టలేదు. పెనిసిలిన్‌కు సరిగా లొంగని రకాలు 1960ల్లో బయటపడ్డాయి. 1977, 1978 సంవత్సరాల్లో దక్షిణాఫ్రికాలోని డర్బన్, జొహానెస్‌బర్గ్ నగరాల్లో ఏకకాలంలో అనేక మందులకు లొంగని న్యుమోకాకస్‌లు పిల్లల్లో కనిపించాయి.

అది ఎలా మారిందన్నది ఇంకా ఆసక్తికరమైన సంగతి. 1928లో ఫ్రెడరిక్ గ్రిఫిత్ అనే శాస్త్రవేత్త ఎలుకల మీద ఒక ప్రయోగం చేశాడు. చంపిన ప్రమాదకర న్యుమోకాకస్‌లను, బతికున్న సాధు న్యుమోకాకస్‌లను కలిపి ఎక్కిస్తే ఎలుకలు చచ్చిపోయాయి, వాటి రక్తంలో బతికున్న ప్రమాదకర రకం కనిపించింది. చచ్చిన వాటి నుంచి బతికున్నవి ఏదో గ్రహించాయన్న మాట. ఆ ఏదో డీఎన్ఏ అని 1944లో ఏవరీ బృందం నిరూపించింది. జీవశాస్త్రంలో అంత పెద్ద పాఠం చెప్పిన ఆ గుణమే ఈనాడు మనకు తలనొప్పిగా మారింది. పెనిసిలిన్ పనిచేయాలంటే బ్యాక్టీరియా గోడను కట్టే కొన్ని ప్రొటీన్లకు అతుక్కోవాలి. గొంతులో న్యుమోకాకస్ పక్కనే బతికే కొన్ని సాధు స్ట్రెప్టోకాకస్‌లు చచ్చినప్పుడు వాటి డీఎన్ఏ ముక్కలను న్యుమోకాకస్ తీసుకుని తన జన్యువుల మధ్య అతికించుకుంటుంది. అలా తయారైన అతుకుల బొంతలాంటి జన్యువు నుంచి పుట్టే ప్రొటీన్ గోడ కట్టే పని మానదు కానీ, పెనిసిలిన్‌కు అంత సులువుగా అతుక్కోదు. అందుకే న్యుమోకాకస్ మొండితనం ఒక్కసారిగా కాక మెట్లు మెట్లుగా పెరుగుతుంది, రిపోర్టులో 0.06, 0.12, 1, 2 అని అంకెలు కనిపించేదీ అందుకే.

హీమోఫిలస్ దారి వేరు. అది మందునే ముక్కలు చేసే బీటా లాక్టమేజ్ అనే ఎంజైమును తయారుచేసే జన్యువును సంపాదించింది. 1974లో ఆంపిసిలిన్‌కు లొంగని హీమోఫిలస్ మెనింజైటిస్ కేసులు వెలువడేసరికి, అప్పటిదాకా ఆంపిసిలిన్ ఒక్కదాన్నే నమ్ముకున్న పిల్లల వైద్యులు పద్ధతి మార్చుకోవలసి వచ్చింది. ఈ తేడా తెలియక కొందరు ఆ ఎంజైమును అడ్డుకునే క్లావులానిక్ ఆమ్లం కలిపిన మందు ఇస్తే ఏ మొండి సూక్ష్మజీవైనా లొంగుతుందనుకుంటారు. న్యుమోకాకస్ ఆ ఎంజైమును అసలు తయారుచేయదు కాబట్టి, దాని విషయంలో ఆ కలయిక వల్ల అదనంగా ఒరిగేదేమీ లేదు.

ప్రశ్న: నేను ఉపాధ్యాయుడిని. మా విద్యార్థికి మెనింగోకాకస్ మెనింజైటిస్ వచ్చినప్పుడు వాళ్ల ఇంట్లోవారికి ముందుజాగ్రత్తగా సిప్రోఫ్లాక్సాసిన్ ఒక్క మాత్ర ఇచ్చారు. వేరే చోట ఇలాంటి సందర్భంలోనే రిఫాంపిసిన్ రెండు రోజులు వాడారని విన్నాను. ఎవరికి తోచింది వాళ్లు ఇస్తున్నారా?
– ఒక ఉపాధ్యాయుడు

జవాబు: తోచింది ఇవ్వడం కాదు, కానీ ఈ తేడాల వెనుక ఒక చరిత్ర ఉంది. రోగితో ఒకే ఇంట్లో ఉన్నవారు, నోటి లాలాజలం తగిలేంత దగ్గరగా మెలిగినవారు ఈ సూక్ష్మజీవిని గొంతులో మోస్తూ ఉండవచ్చు. దాన్ని అక్కడి నుంచి తుడిచేయడానికే ఈ మందు. తరగతి మొత్తానికీ, బడి మొత్తానికీ ఇవ్వవలసిన అవసరం సాధారణంగా ఉండదు, ఇస్తే రెండో జవాబులో చెప్పిన నష్టం కూడా ఉంది.

1937లో సల్ఫా మందులు ఈ వ్యాధిపై పనిచేస్తాయని తేలాక, చికిత్సకే కాక గొంతు శుభ్రం చేయడానికి కూడా వాటినే సైనిక శిబిరాల్లో విరివిగా పంచారు. పాతికేళ్లకే ఆ దారి మూసుకుపోయింది. 1963లో కాలిఫోర్నియాలోని సైనిక శిక్షణ కేంద్రాల్లో సల్ఫాకు లొంగని మెనింగోకాకస్ విజృంభించింది. మందు చేతిలోంచి జారిపోయిందన్న ఆ ఆందోళనలోంచే అమెరికా సైనిక శాస్త్రవేత్తలు 1960ల చివరలో మెనింగోకాకస్ టీకాను రూపొందించారు.

తర్వాత రిఫాంపిసిన్ వచ్చింది. గొంతు శుభ్రం చేయడంలో మంచి మందే కానీ, ఒక్క జన్యువులో ఒక్క మార్పు వస్తే చాలు, సూక్ష్మజీవి దానికి పూర్తిగా ఎదురుతిరుగుతుంది. ఒక చోట పెద్ద గుంపుకు పంచితే మొండి రకాలు తేలడానికి ఆస్కారం ఎక్కువ. ఒక్క మాత్రతో పని అయిపోయే సిప్రోఫ్లాక్సాసిన్ అందరికీ నచ్చడానికి కారణం అదే. దాని కాలమూ కొన్ని చోట్ల తీరుతోంది. 2005లో ఢిల్లీలో మెనింజైటిస్ ప్రబలినప్పుడు దానికి లొంగని మెనింగోకాకస్ కనిపించింది. 2007, 2008 సంవత్సరాల్లో అమెరికాలోని నార్త్ డకోటా, మినెసోటా రాష్ట్రాల్లో మూడు కేసులు వచ్చాయి. 2020లో అదే దేశంలో మరింత గడ్డు రకం నమోదైంది. అది సిప్రోఫ్లాక్సాసిన్‌కూ, పెనిసిలిన్‌కూ రెండింటికీ లొంగలేదు, పెనిసిలిన్‌ను ముక్కలు చేసే జన్యువును పొరుగునే ఉండే హీమోఫిలస్ నుంచి అరువు తెచ్చుకుంది. ఇదంతా చూసి అమెరికా వ్యాధి నియంత్రణ కేంద్రం 2024లో ఒక సూచన చేసింది. ఒక ప్రాంతంలో పన్నెండు నెలల్లో ఇలాంటి మొండి కేసులు కనీసం రెండు వచ్చి, అవి మొత్తం మెనింగోకాకస్ కేసుల్లో 20 శాతానికి చేరితే, అక్కడ ముందుజాగ్రత్తకు సిప్రోఫ్లాక్సాసిన్ మాని రిఫాంపిసిన్, సెఫ్ట్రియాక్సోన్ లేదా అజిత్రోమైసిన్ వాడమంది. కాబట్టి మీరు విన్న రెండు పద్ధతులూ సరైనవే కావచ్చు, ఆ ప్రాంతంలో తిరిగే సూక్ష్మజీవి ఏదన్నదాన్ని బట్టి ఎంపిక మారుతుంది.

చికిత్సకు వచ్చేసరికి మెనింగోకాకస్ మీద సెఫ్ట్రియాక్సోన్ ఇంకా చక్కగా పనిచేస్తోంది. ఈ మాట నేను పూర్తి నిశ్చింతతో మాత్రం రాయలేకపోతున్నాను. గనేరియాను కలిగించే గోనోకాకస్ దీనికి దగ్గరి చుట్టం, రెండింటి మధ్యా జన్యువుల ఇచ్చిపుచ్చుకోలు ఉంది, సెఫ్ట్రియాక్సోన్‌కు లొంగని గోనోకాకస్ 2009లోనే జపాన్‌లో దొరికింది.

ప్రశ్న: నర్సింగ్ చివరి సంవత్సరం చదువుతున్నాను. కల్చర్ చేయకుండా యాంటీబయాటిక్ వేయడం వల్లనే మొండి సూక్ష్మజీవులు పెరుగుతున్నాయని మాకు పాఠం చెబుతారు. వార్డులో మాత్రం మెనింజైటిస్ అనుమానం రాగానే వెన్నునీరు తీయకముందే మందు ఎక్కించడం చూశాను. ఏది సరి?
– ఒక విద్యార్థిని

జవాబు: వార్డులో చూసిందే సరి. చికిత్స అందుతున్నా బ్యాక్టీరియా మెనింజైటిస్ రోగుల్లో ఆరుగురిలో ఒకరు మరణిస్తున్నారు. ఈ వ్యాధిలో ఆలస్యానికి చెల్లించే మూల్యం గంటల లెక్కన పెరుగుతుంది. వెన్నునీరు వెంటనే తీయగలిగితే తీసి మందు ఎక్కించాలి. స్కానింగ్ కోసమో, తీసే వైద్యుడి కోసమో ఆగవలసి వస్తే, రక్తం కల్చర్‌కు తీసుకుని మందు మొదలుపెట్టేయాలి. పాఠంలో చెప్పింది కూడా అబద్ధం కాదు. మందు పడ్డాక వెన్నునీటిలో మెనింగోకాకస్ రెండు గంటల్లోపే కల్చర్‌కు అందకుండా పోవచ్చు, న్యుమోకాకస్ నాలుగు గంటల నుంచి మాయం కావడం మొదలవుతుంది. పీసీఆర్ పరీక్షతో చచ్చిన సూక్ష్మజీవిని కూడా గుర్తుపట్టవచ్చు కానీ, ఏ మందు ఎంత కావాలన్న అంకెను అది ఇవ్వదు. ఆ అంకె కావాలంటే బతికున్న సూక్ష్మజీవి ప్లేటు మీద పెరగాలి.

అవకాశం దొరికితే మీరు ఒకసారి మైక్రోబయాలజీ ల్యాబ్‌కు వెళ్లి ఆ ప్లేటును చూడండి. మామూలుగా మంచినీళ్లలా తేటగా ఉండవలసిన వెన్నునీరు ఈ జబ్బులో బియ్యం కడిగిన నీళ్లలా మసకబారి వస్తుంది. దాన్ని రక్తం కలిపిన ఎర్రటి అగార్ (సూక్ష్మజీవులను పెంచే జెల్లీ) మీద పూసి, కార్బన్ డయాక్సైడ్ ఉన్న పెట్టెలో రాత్రంతా ఉంచితే, తెల్లారేసరికి చిన్నచిన్న చుక్కలు తేలుతాయి. ఒక్కొక్క చుక్క క్యారమ్ కాయలా మధ్యలో కాస్త నొక్కుకుపోయి, చుట్టూ ఆకుపచ్చ ఛాయ వేసుకుని ఉంటే అది న్యుమోకాకస్ కావచ్చు. దాన్ని మరో ప్లేటు నిండా పరిచి, 1 మైక్రోగ్రాము ఆక్సాసిలిన్ పట్టించిన చిన్న కాగితపు బిళ్లను పెడతారు. మర్నాడు బిళ్ల చుట్టూ ఏమీ పెరగని వలయం అడ్డంగా 20 మిల్లీమీటర్లు, అంతకు మించి ఉంటే పెనిసిలిన్‌కు లొంగుతుందని ధైర్యంగా చెప్పవచ్చు. తక్కువ వస్తే మాత్రం లొంగదని వెంటనే రాసేయకూడదు, అసలు అంకె ఎంతో కొలవాలి. ఒక చివర మందు ఎక్కువగా, మరో చివర తక్కువగా పట్టించిన గీతల పట్టీని ప్లేటు మీద పరిస్తే, పెరుగుదల లేని ఖాళీ జాగా నీటిబొట్టు ఆకారంలో ఏర్పడుతుంది. దాని కొస పట్టీని ఏ అంకె దగ్గర తాకిందో చదవడమే. ఈ శీర్షికలో మొదటి ప్రశ్న అడిగిన పాఠకురాలి రిపోర్టులో ఉన్న 1 లాంటి అంకె ఇలా కూడా వస్తుంది.

ప్రశ్న: టీకాలు జబ్బును ఆపుతాయి సరే, మందులకు లొంగకపోవడానికీ టీకాలకూ సంబంధం ఉందా?
– ఒక పాఠకుడు

జవాబు: చాలా ఉంది. న్యుమోకాకస్‌లో వందకు పైగా రకాలున్నా, మందులకు లొంగనివి ఒకప్పుడు పిల్లల గొంతుల్లో ఎక్కువగా తిరిగే కొద్ది రకాల్లోనే పోగుపడి ఉండేవి. ఎక్కువ మంది పిల్లల్లో ఎక్కువ కాలం ఉండే వాటికే మందు రుచి ఎక్కువగా తగులుతుంది కాబట్టి ఇది సహజం. ఏడు రకాలను ఎదుర్కొనే కాంజుగేట్ టీకా 2000లో అమెరికాలో మొదలైనప్పుడు, ఆ ఏడింటిలో ఈ మొండి రకాలు చాలావరకు ఉన్నాయి. పెనిసిలిన్‌కు సరిగా లొంగని న్యుమోకాకస్ రక్తానికో, మెదడు పొరలకో సోకిన కేసులు 1999, 2004 మధ్య అక్కడ 57 శాతం తగ్గాయి. రెండేళ్లలోపు పిల్లల్లో తగ్గుదల 81 శాతం. టీకా వేయని పెద్దవాళ్లలో కూడా తగ్గాయి, ఎందుకంటే ఈ రకం టీకా రక్తాన్ని కాపాడటంతో ఊరుకోకుండా గొంతులో ఆ రకాలకు చోటు లేకుండా చేస్తుంది. మొండితనం తయారయ్యే కార్ఖానా మీదే దెబ్బ పడుతుంది.

అయితే ఖాళీ అయిన చోటు ఎంతోకాలం ఖాళీగా ఉండలేదు. టీకాలో లేని 19ఏ అనే రకం ఆ జాగాలోకి వచ్చి, పలు మందులకు లొంగకుండా వ్యాపించింది. 2010లో వచ్చిన పదమూడు రకాల టీకాలో దాన్ని చేర్చాక అదీ తగ్గుముఖం పట్టింది. టీకా సూక్ష్మజీవిని తరుముతూ ఉంటే, అది పక్క సందులోంచి తొంగిచూస్తూ ఉంటుంది. హిబ్, అంటే హీమోఫిలస్ ఇన్‌ఫ్లుయెంజా బి రకం, టీకా కథ ఇంత మలుపులు లేనిది. 1980ల చివరలో వచ్చిన ఆ టీకా క్రమం తప్పకుండా వేసిన చోట్ల హిబ్ మెనింజైటిస్ దాదాపు కనుమరుగైంది, దానితో పాటే ఆంపిసిలిన్ బెంగ కూడా చాలావరకు తీరింది.

ప్రశ్న: పసిపిల్లలకు వచ్చే మెనింజైటిస్‌లో కూడా ఇవే సూక్ష్మజీవులా?
– ఒక గర్భిణి

జవాబు: కాదమ్మా. పుట్టిన మొదటి నెలలో వచ్చేవి వేరు. గ్రూప్ బి స్ట్రెప్టోకాకస్, ఈ కోలై, క్లెబ్సియెల్లా ముఖ్యమైనవి, లిస్టీరియా అరుదు. మొదటిది ఇప్పటికీ చాలావరకు పెనిసిలిన్‌కు లొంగుతుంది, లొంగని రకాలు తలెత్తుతున్నందున మందులకు లొంగని ముఖ్యమైన బ్యాక్టీరియాల 2024 జాబితాలో ప్రపంచ ఆరోగ్య సంస్థ దాన్ని చేర్చింది. లిస్టీరియా మందులకు ఎదురుతిరగడం నేర్చుకోనక్కర్లేదు, సెఫ్ట్రియాక్సోన్ తరగతి మందులకు అది పుట్టుకతోనే లొంగదు. అందుకే పసిపిల్లలకు, వయసు మళ్లినవారికి ఆంపిసిలిన్ కూడా జోడిస్తారు. నిజంగా భయపెట్టేవి ఆసుపత్రుల్లో పెరిగే క్లెబ్సియెల్లా, అసినెటోబాక్టర్ వంటివి. వీటిలో చాలా వాటికి సెఫ్ట్రియాక్సోన్ పనిచేయదు, కొన్నింటికి మెరోపెనెమ్ కూడా పనిచేయదు. చివరికి మిగిలే కొలిస్టిన్ రక్తంలోంచి వెన్నునీటిలోకి సరిగా చేరదు గనుక, మెదడు ఆపరేషన్ తర్వాత ఇలాంటివి సోకినవారికి మెదడు లోపలి గదుల్లోకి అమర్చిన గొట్టం ద్వారా నేరుగా ఎక్కించవలసి వస్తుంది.

ప్రశ్న: మా మేనల్లుడికి ఇద్దరు చెల్లెళ్లు ఉన్నారు. మొండి సూక్ష్మజీవి అని తేలింది కాబట్టి వాళ్లకు కూడా ముందుగా మందు వేయించమంటారా? బాబు ఇంటికి వచ్చాక మేం ఏం చూసుకోవాలి?
– మొదటి ప్రశ్న అడిగిన పాఠకురాలు

జవాబు: వద్దమ్మా. ఇంట్లోవారికి మందు ఇవ్వడం మెనింగోకాకస్‌కు, కొన్ని సందర్భాల్లో హిబ్‌కు వర్తిస్తుంది. న్యుమోకాకస్‌కు మామూలుగా వర్తించదు. మందు ఇస్తే ఆ పిల్లల గొంతుల్లో లొంగే రకాలు పోయి, మీరు భయపడుతున్న రకానికే జాగా దొరుకుతుంది. వాళ్ల టీకా కార్డులు తీసి న్యుమోకాకస్ టీకా మోతాదులు ఏవైనా బాకీ ఉన్నాయేమో చూసి వేయించండి.

బాబుకు వినికిడి పరీక్ష జరిగిందో లేదో డిశ్చార్జి కాగితాల్లో వెతకండి. జరగకపోతే నాలుగు వారాల్లోపు తప్పక చేయించండి. వెన్నునీరు శుభ్రపడటం ఎంత ఆలస్యమైతే లోపలి చెవికి అంత ముప్పు. 1990లో వెలువడిన ఒక అధ్యయనంలో సెఫ్యురాక్సిమ్ కంటే సెఫ్ట్రియాక్సోన్ వాడిన పిల్లల్లో వెన్నునీరు త్వరగా శుభ్రపడింది, వినికిడి లోపం కూడా తక్కువ మందిలో కనిపించింది. మీ పిల్లవాడి విషయంలో మందు కష్టపడి గెలిచింది కాబట్టి ఈ పరీక్ష మరింత అవసరం. పిలిస్తే పలుకుతున్నాడు కదా అని వదిలేయకండి. ఒక చెవి బాగుంటే నాలుగేళ్ల పిల్లవాడు పిలిచిన ప్రతిసారీ పలుకుతాడు. లోపం ఉందని తేలితే తొందరపడాలి. ఈ వ్యాధి తర్వాత లోపలి చెవిలోని నత్తగుల్లలాంటి భాగం కొందరిలో కొద్ది వారాల్లోనే ఎముకలా గట్టిపడటం మొదలవుతుంది, అది పూర్తిగా గట్టిపడితే కాక్లియర్ ఇంప్లాంట్ అమర్చడం కష్టమవుతుంది.